మతిమరుపు పాఠం

మంత్రిగారి ఇంట్లో మేడ మీద గది. గడియ లోపలినుంచి వేసుంది. మంత్రిగారూ, ఆయన్ని పెంచిన అక్కగారూ ఉన్నారు. డాక్టరు ఇంకా దారిలోనే ఉన్నాడు.

“మళ్ళీ అడుగుతున్నానక్కా. వందలోంచి ఏడు తీసేస్తే?”

“తొంభై మూడు.”

“అదే వద్దంటున్నాను.”

“నోరు తిరగట్లేదురా. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన నోరు. ఇప్పుడు తప్పు చెప్పమంటే ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?”

“ఏదో ఒకటి. ఎనభై అను.”

“ఎనభై ఎలా వస్తుందిరా?”

“రాదు. రాకూడదనే కదా ఈ అవస్థంతా. సరే, అది వదిలెయ్. ఇవాళ ఏ వారం?”

“బుధ... శనివారం.”

“బాగుంది. కానీ ఆ ‘బుధ’ని మింగెయ్యాలి. నేనెవర్ని?”

“నా తలనొప్పివి.”

“అక్కా, పరాచికాలకి టైము కాదు. రేపు విచారణ కమిటీ వాళ్లు నీ దగ్గరికొస్తారు. బల్లల కంపెనీ నీ పేరు మీద ఉంది. బడులకి ఆ బల్లలు కొన్న శాఖ నాది. ‘తమ్ముడిచ్చాడు, అక్క పుచ్చుకుంది’ అని టీవీలో పొద్దస్తమానం వాయిస్తున్నారు.”

“వాయించరూ మరి. ఆ కంపెనీ గుమ్మం ఎటు తిరిగి ఉంటుందో కూడా నాకు తెలీదు. నువ్వు పెట్టమన్నచోట సంతకం పెట్టాను. ఆ మాటే చెబుతానంటే వద్దంటావు.”

“అది చెబితే నేను నేరుగా జైలుకే.”

“పోనీ, బల్లలైనా గట్టివి కొన్నావా? ఎవరో పిల్ల కూర్చోగానే విరిగి, చెయ్యి—”

“ఆ గొడవ ఇప్పుడెందుకు?”

“కుడి చెయ్యట.”

“అక్కా, నిన్నటిదాకా నా చుట్టూ ఈగల్లా ముసిరినవాళ్లు ఇవాళ ఫోనెత్తడం లేదు. మచ్చ లేకుండా బయటపడు, లేదా రాజీనామా రాసి పట్టుకురా అన్నాడు పార్టీ పెద్దాయన. అమ్మ పోయాక నీ చేతి ముద్ద తిని పెరిగినవాణ్ణి. నన్ను వాళ్ల నోట్లో వేస్తావా?”

“అదుగో, అమ్మని తెచ్చావు. పని పడితే తప్ప నీకు అమ్మ గుర్తురాదు.”

“మతిమరుపు జబ్బని డాక్టరు రాసిస్తే నిన్నెవరూ ఏమీ అడగరు. నాలుగు రోజులు నటించు. గొడవ చల్లారాక అంతా మామూలే.”

“నాలుగు రోజులేనా? పక్కింటి పిల్లలకి పరీక్షలున్నాయి. సాయంత్రమయ్యేసరికి పుస్తకాలు పట్టుకుని నా గుమ్మంలో కూర్చుంటారు.”

“నాలుగు రోజులే.”

“తర్వాత నా ఇంటికి నేను వెళ్లిపోతాను కదా?”

“తలుపు కొడుతున్నారు. డాక్టరే. నోరు కొంచెం తెరిచి కూర్చో.”

“నోరెందుకురా—”

“తెరువు. రండి డాక్టరుగారూ, రండి. పెద్దాయన మిమ్మల్ని పంపారంటే కొండంత ధైర్యం వచ్చింది.”

“పెద్దాయన మాట కాదనగలమా సార్. నమస్కారమమ్మా. ఇవాళ ఏ వారమో చెప్పండి?”

“శనివారం.”

“ఈయనెవరమ్మా?”

“ఈయనా? కరెంటు మీటరు చూడ్డానికొచ్చాడు. చూశాడు. ఇంకా కదలడు.”

“వందలోంచి ఏడు తీసేస్తే ఎంత?”

“ఎందుకు తియ్యడం నాయనా? ఉండనివ్వండి, పాపం.”

“చూశారుగా డాక్టరుగారూ. కడుపు తరుక్కుపోతుంది.”

“అవునండీ. ఎన్నాళ్లనుంచి ఇలా?”

“నిన్నో మొన్నో అంటే నలుగురూ నవ్వుతారు. మూడేళ్లు రాయండి. మూడేళ్లుగా ఈ మనిషికి ఏదీ తెలీదు.”

“ఒరేయ్, ఒక్క మాట—”

“చూశారా? ఉన్నట్టుండి ఇలా లేస్తుంది.”

“మూడేళ్లనకురా. అలా అంటే—”

“ఊరుకో అక్కా. మేం మాట్లాడుకుంటున్నాం కదా.”

“అయితే మూడేళ్లు. దగ్గరి బంధువుగా మీరూ సంతకం పెట్టాలి సార్. ఇక్కడొకటి. ఈ రెండోది ఆశ్రమానికి.”

“ఆశ్రమమేమిటిరా?”

“జబ్బు మనిషిని ఇంట్లో ఒంటరిగా వదిలేశానంటే ఎవరు నమ్ముతారక్కా? నువ్వేమో పక్కింటివాళ్లతో మాట్లాడతావు, పాలవాడితో మాట్లాడతావు. అక్కడైతే తలుపులకి తాళాలుంటాయి.”

“ఎన్నాళ్లు?”

“ఇది తగ్గే జబ్బు కాదమ్మా.”

“నాకు జబ్బేం లేదు నాయనా. నటించాను. వీడే నేర్పాడు. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది, డెబ్బై రెండు—”

“టీచర్లలో ఇది మామూలేనండీ. అన్నీ పోయినా ఎక్కాలు మాత్రం పోవు.”

“పొద్దున లేస్తే ఇదే పాట డాక్టరుగారూ.”

“అరవై ఐదు, యాభై ఎనిమిది. ఇవాళ బుధవారం. వీడు నా తమ్ముడు. వీణ్ణి నేనే పెంచాను. నా మొహం చూసి చెప్పు నాయనా, నేను మతి లేనిదానిలా ఉన్నానా?”

“ఏడవకమ్మా. బండి వస్తుంది, బుద్ధిగా ఎక్కు. నేను వెళ్తాను సార్. ఈ కాగితం కోసం పెద్దాయన కాచుకుని కూర్చున్నారు.”

“నేను కృతజ్ఞతలు చెప్పానని చెప్పండి. తలుపు దగ్గరగా వేసి వెళ్లండి.”

“వెళ్లాడా?”

“వెళ్లాడు. కళ్లు తుడుచుకో అక్కా. ప్రతి ఆదివారం వచ్చి చూసి వెళ్తాను.”

“రావులే. నా ఇల్లు?”

“నేను చూసుకుంటాను.”

“అమ్మేస్తావు.”

“నన్ను గట్టెక్కించావక్కా. ఈ రుణం తీర్చుకోలేను.”

“గట్టు సంగతి తర్వాత. ఇందాక చెప్పబోతే నోరు నొక్కావు. కంపెనీ కాగితాల మీద నాచేత ఎప్పుడు సంతకం పెట్టించావు?”

“రెండేళ్లయిందేమో. ఎందుకు?”

“మూడేళ్లుగా ఏదీ తెలీని మనిషి రెండేళ్ల కిందట కంపెనీ ఎలా పెట్టిందిరా?”

“ఏంటి నువ్వనేది?”

“అక్క వ్యాపారం, నాకేం సంబంధం అని నిన్నటిదాకా అన్నావు. ఆ అక్కకి మతే లేదని ఇవాళ నువ్వే సంతకం పెట్టి ఇచ్చావు. మరి నడిపిందెవడని అడగరా? మతి లేనిదాని చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించిందెవడని అడగరా?”

“ఏడాదని మార్పిద్దాం. ఉండు, డాక్టరుకి ఫోన్ చేస్తాను... ఎత్తడం లేదు. పెద్దాయన... పెద్దాయనా ఎత్తడం లేదక్కా.”

“ఎందుకెత్తుతాడు? నిన్ను వదిలించుకునే దారి కోసం చూస్తున్నాడు. ఆ దారి నువ్వే వేసి ఇచ్చావు.”

“అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను. రేపు కమిటీ ముందు నువ్వే చెప్పాలి. నాకే జబ్బూ లేదు, నటించాను, నా మతి నాకుంది అని చెప్పు. ఆ ఒక్క మాట చాలు. నీ నోటితో చెబితే నమ్ముతారు.”

“లే, కాళ్లు వదులు. చెబుతాను నాయనా, ఎందుకు చెప్పను. ఇందాక డాక్టరుకీ అదే చెప్పాను. నువ్వూ పక్కనే ఉన్నావుగా.”