కాటా మీద తూచిన స్ప్రింగులు: శ్రీ షేక్ ఖాజావలి గారి ముప్పై అయిదేళ్ల సేవ

1974వ సంవత్సరం జూన్ మూడవ తేదీ సోమవారం ఉదయం, నల్లపాడు రైల్వే స్టేషనుకు కూతవేటు దూరంలోని మన లారీ యజమానుల సహకార సంఘం వర్క్‌షాపులో శ్రీ షేక్ ఖాజావలి గారు సహాయ మెకానిక్కుగా విధులలో చేరారు. కనిగిరి నుంచి ఒక రేకు పెట్టెతో వచ్చిన ఆ ఇరవై మూడేళ్ల యువకునికి ఆనాడు అప్పగించిన కార్యం ఒక్కటే: విప్పిన నట్లనూ బోల్టులనూ కిరసనాయిలులో కడిగి ఆరబెట్టడం. కడిగి ఊరుకున్నారా మహానుభావుడు! ఏ ఇంజనువి ఆ ఇంజనుకు వేరుచేసి, మూటకొక చీటీ కట్టి మరీ పెట్టారు. ఆ చీటీల అలవాటు నేటికీ పోలేదు.

1982లో మెకానిక్కుగానూ, 1995లో ఇంజన్ల విభాగానికి మేస్త్రిగానూ వారు పదోన్నతి పొందారు. లారీ ఇంకా గేటు దాటకముందే చెవి రిక్కించి, "మూడో సిలిండరు చూడండయ్యా" అనేవారు. విప్పి చూస్తే మూడోదే! 1991లో స్టోర్సు బాధ్యతలు స్వీకరించిన ఈ వ్యాసకర్త్రికి వారిని మెప్పించడం కత్తిమీద సాముగానే ఉండేది. కంపెనీ పెట్టె విప్పకుండానే "ఇది మనకు పనికిరాదమ్మా జయకుమారీ" అంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? పైగా చాలాసార్లు వారి మాటే నిజమయ్యేది, అదింకా మంట.

తొంభైల చివరి నాటికి మన సంఘం లారీలకు బరువులు పెరిగాయి. మిరప బస్తాలతో నంద్యాల వైపు నుంచి నల్లమల ఘాటు దిగేటప్పుడు బ్రేకులు కాలిపోకుండా డ్రైవర్లు చిన్న గేరులో దిగుతారు. అప్పుడు ఇంజను చక్రాలను తిప్పడం మాని, చక్రాలే ఇంజనును హద్దు మీరి తిప్పుతాయి. ఆ వేగానికి తగ్గట్టు గాలినీ పొగనూ వదిలే ప్రతి వాల్వునూ సమయానికి మూయవలసినది దాని నెత్తిన ఉండే స్ప్రింగు. అది సడలిందా, వాల్వు మూసుకోకముందే కింద నుంచి పిస్టను వచ్చి గుద్దుతుంది. ఇంకేముంది, ఇంజను గోవిందా!

సడలిన స్ప్రింగుకు మన జిల్లాల మేస్త్రీలందరికీ తెలిసిన వైద్యం ఒకటుంది. కొత్తది కొనరు. పాతదాని అడుగున ఒక వాషరు వేస్తారు, స్ప్రింగు బిగుసుకుంటుంది, లారీ వెళ్లిపోతుంది. ఖాజావలి గారు సైతం గురువుల నుంచి నేర్చిన ఆ వైద్యాన్నే పాతికేళ్లపాటు నిస్సంకోచంగా చేశారు.

2002 ఫిబ్రవరిలో, సరిగ్గా మిరప సీజను మొదట్లో, డ్రైవర్ సాల్మన్ గారి లారీ ఘాటు మధ్యలో పెద్ద శబ్దం చేసి ఆగిపోయింది. పిస్టను పగిలింది, వాల్వులను తెరిచే పుష్‌రాడ్లు వంగాయి. సాల్మన్ హద్దు మీరిన వేగంతో తోలాడని కార్యాలయం తీర్మానించింది. "రెండో గేరులోనే దిగాను సార్, దేవుని తోడు" అని ఆయన మొత్తుకున్నా వినేవారు లేకపోయారు. దర్శిలో ఆయన భార్య ఆరాధన గారు నిండు నెలలతో ఉన్న రోజులవి. మరుసటి సోమవారం నుంచి ఆయనకు స్టీరింగు ఇవ్వరాదని ఉత్తర్వు టైపు కూడా అయింది.

ఆ ఇంజనును విప్పినది ఖాజావలి గారే. నాలుగు నెలల క్రితం తాము స్వహస్తాలతో వేసిన వాషర్లు మూడు అందులో వారికి దొరికాయి. వాషరు ఎత్తుకు స్ప్రింగు చుట్లు ఒకదానినొకటి తాకి, కదలడానికి చోటులేక విరిగిన సంగతి వారికి చూడగానే అర్థమైంది. ఫోర్‌మన్ పదవికి వారి పేరు పరిశీలనలో ఉన్న కాలమది. ఆ మూడు వాషర్లనూ జేబులో వేసుకుని మౌనం వహిస్తే అడిగే నాథుడు లేడు. వారు మాత్రం నూనె చేతులైనా కడుక్కోకుండా నేరుగా మేనేజరు గారి గదిలోకి వెళ్లి వాటిని బల్ల మీద పెట్టారు.

"సాల్మన్‌ది తప్పు కాదండి, నాది. వీటిని వేసింది నేను. ఆ కాగితం మీద పేరు మార్చి నా పేరు కొట్టించండి."

"నీకు ఫోర్‌మన్ రావలసిన టైములో ఇదేమిటయ్యా ఖాజావలీ!"

"రాకపోతే మానె. వాళ్లింట్లో పొయ్యి ఆరిపోకూడదు కదండి."

ఉత్తర్వు చిరిగింది, వారి పదోన్నతి ఏడాది వెనక్కి పోయింది. తలుపు దగ్గర నిలబడి విన్న ఈ వ్యాసకర్త్రికి ఏడుపొచ్చిందని రాయడానికి సిగ్గేమీ లేదు.

తప్పు ఒప్పుకున్నంత మాత్రాన ఇంజను బాగుపడదు గదా. మిర్చి యార్డువారు పక్కన పడేసిన పాత కాటానొకదానిని వారు రిక్షాలో వేయించుకుని తెచ్చారు. దానిని డ్రిల్లింగు మిషను కింద పెట్టి, స్ప్రింగును దాని మీద నిలబెట్టి, వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎంత పొట్టిదవుతుందో అంతవరకు నొక్కి, కాటా ఎన్ని కిలోలు చూపుతుందో చదివేవారు. కాటా సందుల్లోని మిరప దుమ్ముకు నొక్కినప్పుడల్లా వర్క్‌షాపు మొత్తం తుమ్మేది. ఒకే పెట్టెలోని స్ప్రింగులలో ఒకటి నలభై కిలోలు మోస్తే, దాని పక్కది ముప్పై రెండుకే చతికిలబడింది. చివరకు చెన్నై నుంచి పెద్దదానిలో చిన్నది ఇమిడే జంట స్ప్రింగులను తెప్పించారు. మూడుసార్లు తెప్పించి మూడుసార్లు తిప్పి పంపించిన ఘనత కూడా వారిదే. "మరీ గట్టిదైతే వాల్వులను నడిపే క్యాంషాఫ్టును తినేస్తుందమ్మా, మరీ మెత్తదైతే పిస్టను మింగుతుంది" అని వారు ప్రశాంతంగా చెబుతుంటే, సరఫరాదారు ఫోనులో తిట్టే తిట్లన్నీ ఈ వ్యాసకర్త్రి భరించింది.

నాలుగోసారి వచ్చినవి తూగాయి. నిండు బరువుతో ఘాటు దిగి చూడాలి. సాల్మన్ గారు స్టీరింగు ముందు కూర్చున్నారే గానీ తాళం తిప్పలేదు. అప్పుడు ఖాజావలి గారు క్యాబిను ఎక్కి ఆయన పక్కన కూర్చున్నారు.

"పోనీయవయ్యా సాల్మన్. నా పని మీద నాకు నమ్మకం లేకపోతే నువ్వెందుకు నమ్మాలి?"

"మేస్త్రిగారూ, ఇంట్లో చెప్పారా?"

"చెప్పానులే. కనిగిరిలో చెల్లెల్ని చూసి వస్తానన్నా."

ఘాటంతా దిగి గిద్దలూరు చేరేదాకా ఇంజనులో చిటుక్కుమన్న తేడా చప్పుడైనా రాలేదట. ఇల్లు చేరిన భర్తను శ్రీమతి జోహరాబీ గారు "చెల్లెలు ఎలా ఉంది?" అని అడిగితే, ఖాజావలి గారు ఏ ధ్యాసలో ఉన్నారో గానీ, "బాగుంది, పొగ లేదు, చప్పుడసలే లేదు" అన్నారట! అమ్మా జోహరాబీ గారూ, ఆనాటి అసలు సంగతి మీకు ఈ సంచిక ద్వారానే తెలుస్తున్నది. తిట్టదలిస్తే దయచేసి సన్మానసభ అయ్యాక తిట్టండి.

2003లో వారు ఫోర్‌మన్ అయ్యారు. నాటి నుంచి జనవరి వచ్చిందంటే, మిరప లోడ్లు మొదలవకముందే, ప్రతి లారీ స్ప్రింగులూ ఆ కాటా ఎక్కవలసిందే. ఈ ఆరేళ్లలో మన సంఘం లారీ ఒక్కటీ వాల్వు విరిగి ఘాటులో ఆగలేదు. ఆ మూడు వాషర్లు మాత్రం వారి బల్ల పైన గోడకు కొట్టిన మేకుకు వేలాడుతున్నాయి. కొత్తగా వచ్చినవారు ఇవేమిటని అడిగితే "నా సర్టిఫికెట్లు" అని నవ్వుతారు.

ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ గావిస్తున్న ఖాజావలి గారిని ఇంటికి సాగనంపడానికి సంఘం కారు ఏర్పాటు చేసింది. సాల్మన్ గారు ఒప్పుకోలేదు. ఆనాటి ఆ లారీనే కడిగి, పూలదండలు కట్టి, ముందు సీట్లో దంపతులిద్దరినీ కూర్చోబెట్టుకుని తామే తోలుతామని పట్టుబట్టారు. వెనుక ఆరాధన గారూ, 2002 మార్చిలో పుట్టి ఇప్పుడు రెండో తరగతి చదువుతున్న వారి పాపా ఉంటారు. ఆ పాప నిండు నూరేళ్లు జీవించాలనీ, ఖాజావలి గారికీ, జోహరాబీ గారికీ అల్లా దయవల్ల సంపూర్ణ ఆయురారోగ్యాలు కలగాలనీ, ఆ చెవులు ఎన్నటికీ మందగించకూడదనీ మా అందరి ఆకాంక్ష. లారీ ఇంటి దగ్గర ఆగకుండా ఈసారి నిజంగానే కనిగిరి వెళుతోంది. చెల్లెలు గారు ఎదురుచూస్తున్నారు.