అగ్గిపెట్టెలో గోరు

వంటింట్లో గట్టు మీదున్న అగ్గిపెట్టె తెరవగానే ఆమె చటుక్కున చేతిని దూరంగా చాపింది. పొద్దుటి పరుగు నుంచి చెమటకు తడిసి ముద్దయిన భర్త కుంటుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటున్నాడు.

"ఛీ ఛీ! ఏంటండీ ఇందులో, నల్లగా?"

"పారేయకే! నా కాలి బొటనవేలి గోరు. రాత్రి ఊడింది."

"ఊడితే చెత్తబుట్టలో వేస్తారు గానీ, దూదిలో పెట్టి దాచుకుంటారా?"

"మా రన్నింగ్ గ్రూపులో చూపించాలి. మైళ్ళకు మైళ్ళు పరిగెత్తి వాళ్ళందరికీ ఎప్పుడో ఊడాయి. నన్నింకా బచ్చాగాడంటున్నారు."

"నాకు వాంతొస్తోంది. ఈ పెట్టె ఎక్కడిది మీకు?"

"టీవీ పక్కనుంది. దూది కూడా అందులోనే ఉంది, భలే కుదిరింది."

"దూదిలో ఇంకేం లేదూ?"

"ఏదో బియ్యపు గింజలాంటిది ఉంటే దులిపేశా. ఎందుకలా చూస్తావ్? జరుగు, స్నానానికెళ్ళాలి."

"అది మీ కూతురి పన్ను. మొట్టమొదటిసారి ఊడింది. మీకు చూపించాలని దాచుకుంది."

"అయ్యో, నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"చెప్పొద్దంది. తనే చూపిస్తుందట. అది బడికెళ్ళేటప్పుడు మీరు పరుగులో ఉంటారు. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి అది నిద్రలో ఉంటుంది. ఇవాళ గోరు పుణ్యమా అని పెందలాడే వచ్చారు."

పక్క గదిలో మంచం కిర్రుమంది. చిన్న పాదాల చప్పుడు టీవీ దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇప్పుడేం చెప్పనే దానికి?"

ఆమె అగ్గిపెట్టె మూసి, వేలి కొసలతో పట్టుకుని అతని అరచేతిలో పడేసింది.

"వెతుక్కుంటోంది. వెళ్ళి మీ గోరు చూపించండి."