బాయిలర్ మూత లోపల

బార్న్స్‌లీ అనే ఇంగ్లీషు ఊళ్లో చలి నవంబరు ఉదయం. ఇల్లు వెచ్చబరిచే బాయిలర్ నిన్న ఆగిపోయింది. ముసలావిడ డోరా వంటింట్లో కోటు వేసుకునే కూర్చుంది. మరమ్మతుకు వచ్చినతను బాయిలర్ మూత విప్పి చూస్తున్నాడు.

"దీని వయసెంతమ్మా?"

"ముప్ఫై రెండేళ్లు. మా ఆయన విల్ఫ్ తన చేత్తో బిగించాడు. ఆయనదీ నీ పనే."

"మామూలుగా పదిహేనేళ్లకే మార్చేస్తారు కదా."

"మార్చేవాళ్లు మార్చుకోనీ. ఏటా అక్టోబరులో ఆయనే విప్పి శుభ్రం చేసేవాడు. ఆయన పోయి మూడేళ్లయింది. అప్పట్నుంచి ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు."

"లోపల పగిలిందమ్మా. విషవాయువు ఇంట్లోకొస్తుంది. ఇక వెలిగించకూడదు."

"అందరిదీ ఇదే పాట! కొత్తది అంటగట్టాలని."

"ఈ మూత లోపలివైపు ఎప్పుడైనా చూశారా?"

"నన్ను దాని దరిదాపుల్లోకి రానిస్తేగా!"

"శుభ్రం చేసిన తేదీ మేం ఇక్కడే పెన్సిల్‌తో రాస్తాం. ఇరవై తొమ్మిది తేదీలున్నాయి. చివర ఇంకేదో రాశారు."

"కళ్లజోడు మేడమీద ఉంది. నువ్వే చదువు."

"'తమ్ముడూ, ఇది నువ్వు విప్పావంటే దీని పని అయిపోయినట్టే. మా డోరా ఒప్పుకోదు, పోట్లాడుతుంది. నువ్వు మాత్రం తగ్గకు. టీ పెడతానందంటే మెత్తబడ్డట్టే. వెంటనే కొత్తది పెట్టెయ్.'"

ముసలావిడ లేచి వచ్చి ఆ పెన్సిల్ రాత మీద వేలు పెట్టింది.

"అమ్మా?"

"పోయాక కూడా తన మాటే నెగ్గించుకున్నాడు, చూశావా! ఆ మూత మాత్రం నాకు వదిలేసి వెళ్లు."

"అలాగేనమ్మా."

"టీలో చక్కెర ఎన్ని చెంచాలు, నాయనా?"