బంతి తర్వాత చెంచా

(పిల్లల ఎదుగుదలను పరీక్షించే గది. బల్లకు ఒకవైపు డాక్టరమ్మ, ఎదురుగా నాలుగేళ్ల బుజ్జిగాడు, వెనక వాళ్లమ్మ, నానమ్మ.)

“మీరు కాస్త వెనక్కి జరగండమ్మా. చెప్పాల్సింది బాబు.”

“నేనేం చెప్పలేదు డాక్టరుగారూ. గొంతు సవరించుకున్నానంతే.”

“నేను సంచిలో చెయ్యి పెట్టినప్పుడల్లా సవరించుకుంటున్నారు.”

“జలుబండీ.”

“జలుబూ లేదు, పాడూ లేదు. వీడు ఏడో నెలలో పుట్టిన దగ్గర్నుంచీ మా కోడలికి ఇదే బెంగ. మా అబ్బాయీ నాలుగో ఏడు దాకా నోరు విప్పలేదు డాక్టరమ్మా!”

“ఇప్పుడు బాగా మాట్లాడతారా?”

“ఎక్కడా? పెళ్లయిపోయిందిగా.”

“అత్తయ్యా!”

“చూడండమ్మా, నెలలు నిండకుండా పుట్టినంత మాత్రాన అందరికీ ఇబ్బంది రావాలని లేదు. కొందరికి మాటలోనో, చేతిపనిలోనో, కుదురుగా కూర్చోవడంలోనో ఆలస్యం ఉంటుంది. ముందే తెలిస్తే సాయం చేయొచ్చు. అందుకే ఈ పరీక్ష.”

“వాడి వయసులోంచి ఆ రెండు నెలలు తీసేసి చూస్తారుగా?”

“అది రెండేళ్లు వచ్చేదాకానే.”

“పోనీ, ఒక్క నెల తీయండి.”

“బేరం కాదమ్మా ఇది. బుజ్జీ, ఇటు చూడు. ఇదేంటి?”

“బంతి.”

“భేష్. ఇది?”

“చెంచా.”

“ఇది?”

“తాళంచెవి. దువ్వెన.”

“నాన్నా, దువ్వెన నేనింకా తీయలేదు. సంచిలోనే ఉంది.”

“అబ్బో, సంచిలోది కూడా కనిపెట్టేశాడు! ఎంత తెలివో నా మనవడికి!”

“ఉండండి నానమ్మగారూ. బుజ్జీ, ఈసారి ముందు తాళంచెవి తీస్తా... అయ్యో, నేనే చెప్పేశా. సరే, ఇదేంటి?”

“బంతి.”

“చూసి చెప్పు నాన్నా.”

“బంతి. తర్వాత చెంచా. తర్వాత తాళంచెవి. తర్వాత దువ్వెన. తర్వాత చప్పట్లు.”

“చప్పట్లేంటి?”

“అమ్మ కొడుతుంది.”

“ఏమ్మా?”

“అదీ... కిందటిసారి మీరు తీసినవన్నీ గుర్తుపెట్టుకుని... అవే కొని...”

“రోజూ ఇదే భాగోతం డాక్టరమ్మా! తల దువ్వుకుందామని దువ్వెన ముట్టుకుంటే, ‘అది పరీక్షది అత్తయ్యా’ అంటుంది.”

“ఎందుకమ్మా ఇలా?”

“వీధిలో ఎవరు ఎవర్ని ‘నెల తక్కువ వెధవా’ అని తిట్టుకున్నా నాకే తగులుతుందండీ. నా కడుపు వాణ్ణి నిండా మోయలేకపోయింది. నా చదువూ నిండలేదు, మధ్యలోనే మాన్పించారు. వీడి పరీక్షైనా నిండుగా...”

“మాత్ర వేసుకొచ్చి జ్వరం చూడమన్నట్టుంది. వాడికేం రాదో మీరు దాచేస్తే, ఏం నేర్పాలో నాకెలా తెలుస్తుంది?”

“మళ్లీ అడుగుతారా? తప్పు రాసేశారా?”

“ఏమీ రాయలేదు. కొత్త బొమ్మలు తీస్తాను. మీరిద్దరూ బయట కూర్చోండి. తలుపు దగ్గరగా వేయండి... నానమ్మగారూ, చెవి కూడా అవతలే ఉంచండి.”

“పద కోడలా, మనం తప్పాం.”

“బుజ్జీ, ఇప్పుడు మనిద్దరమే. ఆడుకుందామా?”

“అమ్మ ఏడవదుగా?”

“ఎందుకేడుస్తుంది?”

“తప్పు చెప్తే వంటింట్లోకెళ్లి ఏడుస్తుంది.”

“ఇక్కడ తప్పులుండవు. చూసింది చెప్పడమే.”

“చూడకూడదు. చూస్తే వరస మర్చిపోతా.”

“అయితే ఇందాక నేను చూపించింది...”

“తాళంచెవి. నాకు తెలుసు. కానీ బంతి అంటేనే అమ్మ నవ్వుతుంది.”