లోపలి గడియ

ఆటోనగర్‌లో గవర్రాజు వెల్డింగ్ షెడ్డు, మధ్యాహ్నం. వెనకాల పెట్టెలా రేకు గది కట్టించిన పికప్ బండి పక్కన ముసలి గవర్రాజు స్టూలేసుకుని ఆకురాయితో ఏదో ఇనపముక్క అరగదీస్తున్నాడు. బండి యజమాని మోహనకృష్ణ కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

"ముందు తలుపు తీసి సూడు బాబూ. తరవాత మాటాడుకుందుము."

"నాకొద్దు మావా. ఆ పెట్టె వంక చూడబుద్ధి కావట్లేదు. నువ్వు ఫోన్ చేసి రమ్మన్నావని వచ్చాను. అసలు బండి నీ దగ్గరకెలా వచ్చింది?"

"మీ బామ్మర్ది నరేషు పొద్దున్న తెచ్చి దించీసి ఎలిపోనాడు."

"పెట్టె పీకేయమన్నాడా?"

"పీకడానికేటుంది, పన్నెండు బోల్టులు. నువ్వూ నానూ కల్సి బిగించినవే కద. మూడు నెల్లు ఆదివారమనీది నేకుండా ఇక్కడే పడుండీవోడివి. ఫోన్లో వీడియోలు సూసీడం, సుద్దముక్కతో రేకు మీద గీసీడం. కిందన రెండు సొరుగులు. ఒకదాన్లో పొయ్యి, గిన్నెలు. ఇంకోదాన్లో తాళ్ళు, జాకీ, టైరు బురదలో దిగబడితే కిందనేసుకునీ పలకలు. పైన పడక. పాత బేరింగుల మీద సొరుగులు నడిపించినాము, గుర్తుందా? ఒక్క ఏలు పెట్టి తోస్తే ఎలిపోద్ది."

"అన్నీ గుర్తున్నాయి. ఇప్పుడా కబుర్లు కాదు మావా. నువ్వు నాకొక సాయం చెయ్యాలి."

"సెప్పు."

"గాజువాక రావాలి, మా బావమరిది ఇంటికి. మా ఆవిడ రోజారమణి తొమ్మిది రోజుల్నుంచి అక్కడే ఉంది. నా ఫోను తియ్యట్లేదు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు చాలు. ఆ రోజు పెట్టె తలుపు గడియ దానంతటది పడిపోయుంటుందని."

"ఏటన్నావు? గట్టిగా సెప్పు. నలభయ్యేళ్ళు రేకులు కొట్టిన సెవులివి."

"ఫోన్లో బాగానే వినబడిందే."

"ఫోను సెవి ఏరు. ఇది ఏరు. సెప్పు."

"గడియ దానంతటది పడిపోయిందని చెప్పమంటన్నాను."

"ఇంకాస్త."

"గడియ పడిపోయింది. దానంతటది. అంతే."

"ఆఁ, ఇనబడింది. నా షెడ్డులో నిలబడి నా గడియనే తిడతన్నావన్నమాట."

"తిట్టడం కాదు మావా..."

"ఆ గడియకి మూడు పన్లుండాయి బాబూ. పైకెత్తాల. పావు సుట్టు తిప్పాల. కిందకి నొక్కాల. అనంతగిరి కొండ గాలికి సేతులుంటాయేటి?"

"ఘాటీ కుదుపులకి లూజైందేమో."

"బండి నిలబెట్టున్నప్పుడే పడిందని ఆయేల ఆస్పత్రి కాడ్నుంచి ఫోన్ సేసి నువ్వే సెప్పినావు. నిలబడ్డ బండికి కుదుపేటి?"

"అయితే కోతి వేసుంటుంది. అక్కడ కోతులెక్కువ."

"ఆ కోతిని తెచ్చి నాకప్పగించు. నా గడియ ఎయ్యడం ఒక్కసారి సూసి నేర్సుకున్న కోతైతే నెలజీతమిచ్చి ఎట్టుకుంటాను. మా అల్లుడికి ఏడేళ్ళయినా పట్టుబడ్నేదు. హుద్‌హుద్ తుపానులో నా గడియ ఏటి సేసిందో నీకు సెప్పినానా?"

"నాలుగుసార్లు చెప్పావు."

"యారాడలో ముసలమ్మ బడ్డీకొట్టుకి తలుపు నానే సేసిచ్చినాను. తుపాను కొట్టిన పొద్దున్న కప్పెగిరిపోనాది. నాలుగ్గోడలూ ఎలిపోనాయి. లోపలున్న సోడాల పెట్టె సముద్రంలో తేల్తా భీమిలి యేపు ఎలిపోనాది. తలుపొక్కటే నిలబడుంది, ఏసిన గడియ ఏసినట్టే. ముసలమ్మ వొచ్చి, గోడల్లేని కొట్టుకి గడియ తీసి మరీ లోపలికెల్లింది."

"కిందటిసారి సోడాల పెట్టె భీమిలి దాకా వెళ్ళలేదు."

"కిందటిసారి నువ్వు తొందరలో ఉన్నావని తగ్గించి సెప్పినాను."

"నవ్వు రావట్లేదు మావా నాకు. వస్తావా రావా, అది చెప్పు."

"వొస్తే మరి అబద్ధమాడాల కద. అబద్ధం నిలబడాలంటే నిజమేటో నాకు తెల్వాల. ఆ రోజు ఏటైందో మొదట్నుంచి సెప్పు. తలుపు తీసి లోపల కూకుని సెప్పు, నీడగుంటాది."

"వద్దన్నానా? ఇక్కడే చెబుతాను. మలుపులకి తనకి కళ్ళు తిరిగాయి, వాంతులు. ఒంటిగంటకి కొండ పైన ఖాళీ స్థలం చూసి బండి ఆపాను. కాసేపు పడుకుంటానని వెనకాల ఎక్కింది. నేనలా నడిచొద్దామని వెళ్ళాను. పది నిమిషాలు. వచ్చేసరికి గడియ పడుంది."

"పది నిమిషాలు."

"పది... పదిహేను."

"నాలుగ్గంటలకి తీసినావని నరేషన్నాడు."

"వాడేమైనా అక్కడున్నాడా? వాడికేం తెలుసు?"

"ఆడికి ఆయమ్మ సేతులు తెలుసు. ఆస్పత్రిలో సూసినాడంట. తలుపు బాది బాది రెండరసేతులూ వాసిపోనాయంట."

"ఆ ఫ్యాను కాస్త ఇటు తిప్పు మావా, చెమటలు పోస్తన్నాయి. పెట్టెకి గాలేటి, మనుషులుండగా?"

"ఉండనీ, దానికే కావాల. తలుపు పైన గాలాడ్డానికి కొత్తగా జాలీ కోసినాను, సూసినావా?"

"తర్వాత చూస్తాను."

"సర్లే. ముందు నాది నాను సెప్పీస్తాను. ఓ ఆదివారం ఆయమ్మ నీకు టిపినీ పట్టుకొచ్చింది. ఈ పెట్టెలోకెక్కి కూకుని అంతా సూసింది. తాతా, లోపల గడియ నేదేటి అనడిగింది. అప్పుడు నానేటన్నానో గుర్తుందా?"

"ఏదో జోకేశావు."

"నాను ముప్పయ్యేళ్ళు ఫిషింగ్ హార్బరుకి ఐసు పెట్టెలు సేసినోడ్ని తల్లీ, ఒక్క సేపా నన్ను లోపల గడియ అడగనేదు, అన్నాను. నువ్వు నవ్వినావు. నాను నవ్వినాను. ఆయమ్మ నవ్వనేదు."

"ఊరికే సరదాకన్న మాట కదా."

"సరదాకే. లోపల గడియంటే అరగంట పని బాబూ. అరగంట పని ఎగ్గొట్టి సరదా మాటాడినాను. నీ ఫోనొచ్చిన కాడ్నుంచి మా ఇంట్లో సేపల కూర ఒండితే నాను పచ్చడేసుకుని లేచిపోతన్నాను. మా ముసల్ది ఒంట్లో బాగోనేదేటి అంటాది. ఏటి సెప్పను దానికి?"

"నీ తప్పేం లేదులే మావా."

"ఉంది. లోపల గడియ పెట్టకపోడం నా తప్పు. ఎవలి ముందర ఒప్పుకోమన్నా ఒప్పుకుంటాను, గాజువాక సెంటర్లో నిలబడి ఒప్పుకోమన్నా సరే. మరి బయట గడియ ఏసినోడి తప్పు ఎవలు ఒప్పుకుంటారు?"

"అంటే ఏటి నీ ఉద్దేశం?"

"గడియ ఎవలేసినారు బాబూ?"

"నన్నలా చూడకు."

"నాను నిన్ను సూడ్డం నేదు. ఆకురాయి సూసుకుంటన్నాను."

"పడిపోయిందని చెప్తన్నాను కదా."

"సెప్పినావు. ముందు గాలన్నావు, తరవాత కోతన్నావు."

"గాలని నువ్వన్నావు. నేను కుదుపన్నాను."

"అవును, నాదే పొరపాటు. గడియ ఎవలేసినారు?"

"నేనే."

"ఇనబళ్ళేదు."

"నానే. నానే ఏసినాను మావా. సాలా?"

"ఎందుకేసినావు?"

"కింద మలుపు దగ్గర సాయిశంకర్ వాళ్ళ బండ్లు ఆగున్నాయి. బండ్లేసుకుని తిరిగే మా గ్రూపోళ్ళే, ఐదుగురు. వాళ్ళు వస్తారని నాకు ముందే తెలుసు. సీసా తెస్తారనీ తెలుసు. తాగడం మానేశానని రోజారమణి తల మీద చెయ్యేసి చెప్పి ఏడాదైంది. ఒక్క గ్లాసు తాగి, సోంపు నమిలి వచ్చేద్దామనుకున్నాను. ఈలోగా తను లేచి నన్ను వెతుక్కుంటూ వచ్చీస్తదేమోనని..."

"పైకెత్తి, పావు సుట్టు తిప్పి, కిందకి నొక్కినావు."

"చప్పుడవకుండా నొక్కాను. నువ్వే గ్రీజు పూసిచ్చావు కదా, చప్పుడే లేదు. తన ఫోను ముందర సీట్లో ఛార్జింగులో ఉందని నాకు గుర్తే రాలేదు."

"ఒక్క గ్లాసుకి మూడు గంటలు పట్టిందేటి?"

"ఒక్కటితో ఆగలేదు. నిద్రపట్టీసింది. లేచేసరికి నాలుగు. పరిగెత్తాను మావా. చెప్పులొదిలేసి పరిగెత్తాను. రేకు ముట్టుకుంటే చెయ్యి కాలింది. లోపల్నుంచి చప్పుడు లేదు. తలుపు బాదుతున్నా బాగుండేది, తిడుతున్నా బాగుండేది. చప్పుడు లేదు. గడియ మీద చెయ్యేసి నిలబడిపోయాను. తియ్యడానికి భయమేసింది."

"ఎంతసేపు నిలబడినావు?"

"తెలీదు. అదడక్కు."

"తీసినాక ఆయమ్మ ఏటంది?"

"నీళ్ళంది. తాగాక, గడియ ఎలా పడిందని అడిగింది. దానంతటది పడిందన్నాను. వాసనొస్తదేమోనని మొహం పక్కకి తిప్పుకుని చెప్పాను. ఇంకేం అడగలేదు. ఆస్పత్రిలోనూ అడగలేదు. నరేషొచ్చి బండీ తననీ తీసుకుపోతుంటే నా వైపు చూసింది గానీ అడగలేదు."

"మరప్పుడైనా సెప్పీవలసింది."

"ఎలా చెప్పమంటావు? తాగానని చెప్పాలా, గడియేసి తాగానని చెప్పాలా? ఏది ముందు చెప్పాలి? నువ్వొచ్చి గడియ పడిందని చెబితే నమ్ముతుంది మావా. గడియ చేసినోడివి నువ్వు. నీ నోటంట వస్తే నమ్ముతుంది. ఆ తర్వాత జన్మలో గ్లాసు ముట్టుకోను."

"తల మీద సెయ్యేసే సెప్తన్నావా?"

"ఎగతాళి చెయ్యకు."

"సెయ్యను. ఆఖర్సారి అడుగుతన్నాను. తలుపు తీసి ఓసారి లోపలికి సూడు."

"ఎందుకలా పట్టుకున్నావు నన్ను? పరుపులు కుట్టే హుస్సేన్ బాషా అంత బాగా కుట్టిచ్చిన పరుపు, అంచులన్నీ గోళ్ళతో చింపేసుంది. తలుపు వెనకాల చేతుల గుర్తులు. ఒకసారి చూశాను, చాలు. ఇంక నా వల్ల కాదు. పీకి ఎవరికైనా ఇచ్చీ. ఇంతకీ గాజువాక వస్తావా, రావా?"

"గాజువాక ఎల్లక్కర్లేదు బాబూ."

"అంటే?"

"నరేషు పొద్దున్న బండొక్కటే దించనేదు. ఆయమ్మనీ దించినాడు. నన్ను ఒక్కటే అడిగింది. తాతా, ఆ గడియ దానంతటది పడతాదా అని. గోడల్లేని కొట్టుకి తలుపు నిలబెట్టిన నోరు నాది, పెగల్నేదు. అవునంటే అబద్ధం, కాదంటే మీ కాపరం కూలిపోద్ది. లోపల గడియ బిగించినాను. జాలీ కోసినాను. ఫ్యాను పెట్టినాను. లోపలికెక్కడానికి ముందు భయపడింది. గడియ తన సేత్తో రెండుసార్లు ఏసి, తీసి సూసుకుని అప్పుడెక్కింది."

"మావా, ఎక్కడ... ఎక్కడుంది?"

"నువ్వు కూకో తల్లీ, నీ మొగుడు వొచ్చీగానే సేసీ పని తలుపు తీసి సూడ్డమే, ఎదురుగా కూకుని ఆడ్నే అడుగు, అన్నాను. నాను అలగే అనుకున్నాను బాబూ. నువ్వు తియ్యకపోతేనే నాకు సెవుడొచ్చింది."

"మావా..."

"అమ్మా రోజారమణీ, ఇన్నావు కద. గడియ ఇప్పుడు నీ యేపుంది. తీత్తావో మానీత్తావో, నీ ఇష్టం తల్లీ."

"నేను గడియ వేసుకోలేదు తాతా. ఇయ్యాళ కూడా తలుపు తియ్యనిది ఆయనే."