కాగితం ఎగరకుండా పెట్టిన రాయి

1991 జూలై 8, సోమవారం నాడు శ్రీ సోమలింగం గారు సూరత్‌లోని మా పురావస్తు పరిశోధన సంస్థలో క్షేత్ర సహాయకులుగా చేరారు. అంతకుముందు నగర శివారులోని ఉన్‌లో మరమగ్గం ఆడుతుండగానే తెగిన పోగును పసిగట్టిన ఆ కళ్లు, ఉత్తర గుజరాత్‌లో గాలి ఇసుకను ఊడ్చుకుపోయిన నేల మీద, వేల గులకరాళ్ల నడుమ ఆదిమానవుడు చెక్కిన అంచును అంతే అవలీలగా పట్టేవి. మాకు పట్టాలుండేవి, వారికి చూపుండేది.

మా వృత్తిలో రాతి పనిముట్టు కనబడగానే తీయకూడదు. జెండా గుచ్చి, పటంలో చోటు గుర్తించాకే చెయ్యి వేయాలి. చోటు తెలియకపోతే అది ఊరూ పేరూ లేని రాయి.

1996లో ఒక మధ్యాహ్నం పర్యవేక్షకుడు మార్కండేయ, అంటే ఈ వ్యాసకర్తే, ఎగిరిపోతున్న పటం మీద చేతికందిన రాయి పెట్టి భోజనానికి కూర్చున్నాడు. సాయంత్రం సంచాలకులు తిప్పి చూస్తే అది ఆదిమానవుడు చెక్కిన చేతిగొడ్డలి.

"దీన్ని తీసిందెవరు?"

మార్కండేయ తల వంచి పటం మడవసాగాడు. సంచాలకుల చూపు సోమలింగం గారి మీద ఆగింది.

"నా కంట పడకపోవుడు నా తప్పే సార్."

అంతే అన్నారు వారు. ఆ రాయికి కట్టిన చీటీ మీద మాత్రం 'చోటు తెలియదు, సహాయకుని పొరపాటు' అని పడింది. శిక్షగా వారు రెండేళ్లు గోదాములో రాళ్లు కడిగారు. పదోన్నతి ఏడేళ్లు ఆగింది.

తిరిగి క్షేత్రానికి వచ్చిన తొలినాడు, సతీమణి పద్మారాణి గారు చీరముక్కతో కుట్టిన ఇసుక సంచిని వారు మార్కండేయ ముందు పెట్టారు.

"ఏమిటిది సోమలింగం?"

"కాయిదాల మీద పెట్టుకోండ్రి సార్. గాలి గిట్లనే ఉంటది. గీడి రాళ్లు మనయి గావు."

"నీకు తెలుసా?"

"పటం మీద మట్టి మరక నాకు కనబడదా సార్? జర తినుండ్రి, రొట్టె సల్లారుతది."

ఆ తరువాత వారు క్షేత్ర పర్యవేక్షకులై, మా సంస్థకు వచ్చిన ప్రతి కొత్త పట్టభద్రునికీ నేల వైపు చూడడం నేర్పారు. మార్కండేయ మాత్రం ఇరవై ఏడేళ్లు ఆ సంచి కింద కాగితాలతో పాటు నిజాన్నీ అణిచి ఉంచాడు.

వారి పదవీ విరమణకు వెలువరిస్తున్న ఈ సంచికలో తెలుగు పుట ఇదొక్కటే. తెలుగు రానివారి నడుమ తెలుగులో ఒప్పుకోవడం కూడా దాక్కోవడమే గనుక, నాటి సంచాలకులు విచ్చేస్తున్న సన్మాన సభలో దీన్ని మార్కండేయ గుజరాతీలో చదువుతాడు. చీటీ మీద 'సహాయకుని' అన్న మాట నిన్ననే కొట్టివేసి, తన పేరు రాసి సంతకం చేశాడు.

శ్రీ సోమలింగం గారు ఆ చూపు చెదరకుండా, మోకాళ్లు సహకరిస్తుండగా, పద్మారాణి గారితో నూరేళ్లు హాయిగా నడవాలని సంస్థ యావత్తూ కోరుకుంటున్నది. ఆ కోరికలో గొంతు కలిపే అర్హత మార్కండేయకు ఆ సభలో చదివాకే వస్తుంది.