ఇంటింటి ఉదయాలను నిలబెట్టిన శేషారత్నం గారు

2003వ సంవత్సరం మార్చి మూడవ తేదీ, సోమవారం నాడు శ్రీమతి శేషారత్నం గారు ఆక్లాండ్ పడమటివైపు హెండర్సన్‌లోని మన 'అండ' గృహసేవా ట్రస్టులో కార్యాలయ సహాయకురాలిగా చేరారు. అప్పటికి ట్రస్టుకు ఉన్నది కమ్యూనిటీ భవనంలో వెనుకవైపు ఒక గది, ఒక టెలిఫోను, వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి స్నానపానాలు, వంట, మందులు చూసే నలుగురు సేవికలు మాత్రమే. పదహారేళ్ళకు పైబడిన సేవానంతరం, సేవల సమన్వయాధికారిణిగా, ఈ జూన్ ఇరవై ఎనిమిదిన వారు పదవీ విరమణ చేస్తున్నారు. మన ట్రస్టు పత్రిక ఈ సంచికలో వారి గురించి రాసే బాధ్యతను పాలకమండలి నాకు అప్పగించింది. నేను వృత్తిరీత్యా బడిపంతులమ్మను. ట్రస్టు కార్యదర్శిగాను, శనివారాల్లో సేవికలకు ఇంగ్లీషులో నివేదికలు రాయడం నేర్పే మనిషిగాను వారి పక్కన పనిచేసే అవకాశం నాకు దక్కింది.

కాకినాడలో ఒక నర్సింగ్ హోమ్‌లో పనిచేసిన అనుభవంతో, భర్త కృష్ణారావు గారి ఉద్యోగరీత్యా ఈ దేశానికి వచ్చిన శేషారత్నం గారు మొదటి రెండేళ్ళు ఫోన్లు ఎత్తడం, పెద్దల ఇళ్ళ తాళాలు భద్రపరచడం వంటి పనులే చేశారు. 2005లో సేవికల వేళలు కుదిర్చే పని వారి చేతికి వచ్చింది. ఏ ఇంటికి ఎవరు, ఎప్పుడు వెళ్ళాలన్నది బయటివారికి చిన్న విషయంగా కనిపించవచ్చు. మంచం మీద కూర్చుని తలుపు చప్పుడు కోసం ఎదురుచూసే మనిషికి మాత్రం ఆ రోజంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. 2011లో క్రైస్ట్‌చర్చ్ భూకంపం తరువాత పిల్లల దగ్గరికి ఆక్లాండ్ తరలివచ్చిన పెద్దవారికి, వారి కాగితాలు ఇంకా చేరకముందే, తెలుగు మాట్లాడే మనిషిని గుమ్మంలో నిలబెట్టిన ఘనత వారిది.

ఆ తరువాతి సంవత్సరాల్లో గృహసేవా రంగంలో వచ్చిన సంస్కరణలు ఈ సంచిక చదివే సిబ్బందికి కొత్తవి కావు. కుటుంబసభ్యుల కోసం క్లుప్తంగా చెబుతాను. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్ళే ప్రయాణానికి కూడా సేవికలకు వేతనం ఇవ్వాలని మొదట నిర్ణయమైంది. 2017లో నిర్ణీత గంటల హామీ, వేతన సమానత్వం, అర్హతలను బట్టి హోదా, దానికి తగ్గ జీతం వచ్చాయి. ఇవన్నీ న్యాయమైనవి, ఎంతో ఆలస్యంగా వచ్చినవి. వాటి కోసం శేషారత్నం గారు సేవికలతో కలిసి సంతకాలు సేకరించారు కూడా. కానీ న్యాయమైన చట్టమే అయినా, లాభాపేక్ష లేని ఒక చిన్న సంస్థ ఆ బరువును మోయడానికి సిద్ధంగా ఉండాలి కదా. మేము లేము.

మా చిక్కు మా మర్యాదలోంచే పుట్టింది. మన పెద్దవారు సేవికను పనిమనిషిగా చూడరు, ఇంటి ఆడపిల్లగా చూస్తారు. వాన పడితే, ఆమె బిడ్డకు దగ్గొస్తే, ఇంట్లో వ్రతముంటే, ఆఖరికి 'నిన్ననే కదా వచ్చింది' అనిపించినా, ఆఫీసుకు ఫోన్ చేసి ఆ రోజుకు రావద్దని చెప్పేవారు. సెలవిచ్చామని సంతోషపడేవారు. పాత పద్ధతిలో ఆ సెలవు వల్ల సేవిక జీతం తెగేదని వారికి తెలియదు. సేవికలు చెప్పేవారూ కారు. కొత్త పద్ధతిలో సేవిక జీతానికి హామీ వచ్చింది. ప్రభుత్వంతో ఉన్న మా ఒప్పందం ప్రకారం ట్రస్టుకు నిధులు వచ్చేది మాత్రం సేవ జరిగిన గంటకే. దానితో పెద్దల దయకు మూల్యం చెల్లించవలసిన వంతు ట్రస్టుది అయింది.

2017 చలికాలంలో జరిగిన పాలకమండలి సమావేశం నాకు బాగా గుర్తు. కోశాధికారి గౌతమ్ లాప్‌టాప్ మూసేసి, శేషారత్నం గారి వైపు తిరిగాడు.

"ఆంటీ, మనవాళ్ళ మర్యాదే మనల్ని ముంచేస్తోంది. ఇలాగే కంటిన్యూ అయితే సమ్మర్ దాకా లాగలేం. కాంట్రాక్టు ఎవరైనా పెద్ద కంపెనీకి హ్యాండోవర్ చేసేద్దాం. లేదంటే, క్యాన్సిల్ చేస్తే ఛార్జ్ చేస్తామని అందరికీ లెటర్ పెడదాం."

"లెటర్ పెడితే ఏమవుతుందో తెలుసా నాయనా?" అన్నారు శేషారత్నం గారు. "మేము భారమైపోయామా అని అసలు సర్వీసే మానేస్తారు. ఒక్కరూ నీతో దెబ్బలాడరు. మంచం మీదే ఉండిపోతారు."

"మరి కంపెనీకి ఇస్తే?"

"కంపెనీవాళ్ళు రోజుకో మనిషిని పంపుతారు. బట్టలు విప్పి స్నానం చేయించుకోవాల్సినవాళ్ళు నాయనా. రోజుకో కొత్త మొహం ముందు ఎలా?"

వచ్చే సమావేశం దాకా గడువు ఇమ్మని అడిగారు. గౌతమ్ ఇచ్చాడు. ఆ గదిలో ఎవరికీ పెద్ద ఆశ లేదు. ట్రస్టు చేతులు మారితే పాత సేవికలు చెదిరిపోతారని అందరికీ తెలుసు. అది మా ఇంటికి కూడా తగిలే విషయమే. పక్షవాతంతో కుడివైపు చచ్చుబడిన నా భర్త శ్రీరామచంద్రమూర్తి గారికి అప్పటికి రెండేళ్ళుగా ఉదయాలు చూస్తున్నది అమృత. చదువుకోడానికి కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఆ అమ్మాయి చేతికి తప్ప ఆయన తన చేతిని మరొకరికి అందించేవారు కాదు.

అయినా సెలవులివ్వడంలో మా వారే అందరికన్నా ముందుండేవారు.

శేషారత్నం గారు ఇంటింటికీ వెళ్ళడం మొదలుపెట్టి, ఒక వానపొద్దున మా ఇంటికి వచ్చారు. అమృత అప్పుడే ఆయనకు చొక్కా గుండీలు పెడుతోంది.

"మూర్తి గారూ, రేపు అమృతని రావొద్దని ఫోన్ చేశారట?"

"అవునండీ. పాపం, ఆ పిల్ల రోజూ ఈ వానలో డ్రైవ్ చేసుకుంటూ వస్తోంది. ఒక్కరోజు నేను స్నానం చేయకపోతే కొంప మునిగిపోదు కదా."

"కొంప మునగది అంకుల్, వాసనొస్తది," అంది అమృత, గుండీల మీంచి చూపు తిప్పకుండా.

శేషారత్నం గారు నవ్వారు గానీ వదలలేదు. మా వారు సామర్లకోటలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా పనిచేసినవారు.

"ఒక సంగతి చెప్పండి. మీ స్టేషన్లో ఎక్కేవాళ్ళు ఎవరూ లేరనుకోండి. బండి అక్కడే రద్దు చేసేసేవారా?"

"అదేం మాటండీ!" ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "ముందు స్టేషన్లో జనం కాచుకుని ఉంటారు. జెండా ఊపి పంపించేయాలి."

"ఇక్కడికి దగ్గర్లోనే, రానుయ్‌లో లక్ష్మమ్మ గారని ఒకావిడ. మనిషి కుదరక, పోయిన వారమంతా తలంటు లేకుండా ఉన్నారు. మరి మీరేమో బండి ఆపేశారు."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ," అన్నారు ఆయన. "ఆవిడకి అభ్యంతరం లేకపోతే నంబరు ఇలా ఇవ్వండి."

"అడిగే వచ్చాను."

ఎడమచేత్తో ఫోను పట్టుకుని, తన జీవితంలో చూడని ఆ మనిషితో ఆయన అన్నారు: "అమ్మా, నమస్కారం. రేపు పొద్దున మా అమ్మాయిని మీ ఇంటికి పంపిస్తున్నానండీ. మంచి పిల్ల. నోరు కాస్త పెద్దది."

"పంపిస్తున్నా అంటున్నడు సూడుండ్రి ఆంటీ," అంది అమృత నా వైపు తిరిగి. "నన్ను ఈయనే కన్నట్టు!"

మన ట్రస్టులో 'వేళ ఇవ్వడం' అని ఈరోజు అందరూ అనుకునే పద్ధతి ఆ చలికాలం పొద్దుల్లో, అలాంటి ఇళ్ళలో మొదలైంది. సేవిక అవసరం లేని రోజున ఆమెకు సెలవివ్వకుండా, ఆమె వేళను అవసరమున్న మరొక ఇంటికి ఇవ్వాలి. ఇచ్చేవారు తామే ఫోన్ చేసి చెప్పాలి. కాగితాల సంగతి, ప్రతి ఇంటికీ మంజూరైన గంటల సంగతి ఆఫీసు చూసుకుంటుంది. డబ్బు మాట ఎక్కడా రానివ్వకుండా, కసిరే మాట ఒక్కటీ అనకుండా, పెద్దల మర్యాదను శేషారత్నం గారు మరో గుమ్మం వైపు నడిపించారు, అంతే. అయితే మర్యాద కోసం తమకు కావలసిన వేళను కూడా వదులుకునేవారిని వారు ఊరుకోలేదు. ఒకసారి మా వారు ఉదారంగా ఫోన్ చేస్తే, "ఇవాళ మీకు డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. ఈ బండి మీ స్టేషన్లో ఆగాల్సిందే," అని పెట్టేశారు.

తరువాతి సమావేశంలో గౌతమ్ చాలాసేపు లాప్‌టాప్ తెర వంక చూసి, "ఆంటీ, నిలబడ్డాం," అన్నాడు. "ఎవరికీ ఏదీ హ్యాండోవర్ చెయ్యక్కర్లేదు." మేమంతా ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. శేషారత్నం గారు మాత్రం, "అయితే ఇక సేవికల సర్టిఫికెట్ల సంగతి చూద్దాం," అన్నారు. హోదా పెరిగిన పాత సేవికల గంటలు తగ్గించి, తక్కువ వేతనానికి కొత్తవారిని పెట్టుకునే పద్ధతిని కొన్నిచోట్ల అవలంబిస్తున్నారని అప్పుడు వినిపించేది. ఇక్కడ అది జరగదని వారు ఆనాడే సమావేశపు మినిట్స్‌లో రాయించారు. రాసింది నేనే. ఆ తరువాత రెండేళ్ళలో మన సేవికలందరూ ఏదో ఒక స్థాయి అర్హత సంపాదించారు. ఒక్క పాత సేవిక కూడా గంటలు తగ్గి వెళ్ళిపోలేదు.

గత సంవత్సరం ఆగస్టులో నా భర్త కాలధర్మం చెందారు. చివరి ఉదయం కూడా ఆయన దగ్గరికి వచ్చినది అమృతే. ఆయనకు తెలియని చేయి ఆయన ఒంటి మీద పడలేదు. దీని గురించి ఇంతకు మించి రాయను. అది ఎవరి వల్ల సాధ్యమైందో ఈ సంచిక చదివేవారికి నేను చెప్పనక్కరలేదు.

కర్మకాండ ముగిసిన మర్నాడు శేషారత్నం గారు ఫోన్ చేశారు. పరామర్శ అంతకుముందే చేశారు కనుక, ఈసారి పని మాటే మాట్లాడారు.

"టీచర్ గారూ, మూర్తి గారి వేళ ఖాళీగా ఉంది. నేను ఎవరికైనా వేసేయొచ్చు. కానీ మీరు చెబితే వేద్దామని ఆగాను."

ఆఫీసు పద్ధతి ప్రకారం ఆ ప్రశ్న నన్ను అడగనక్కరలేదు. నేను లక్ష్మమ్మ గారికి ఇమ్మన్నాను.

"మీరే ఫోన్ చేసి చెప్పండి మరి. అది మన పద్ధతి కదా," అన్నారు వారు.

చేశాను. ఎవరు మాట్లాడుతున్నదీ చెప్పగానే ఆవిడ, "మూర్తి గారి ఇంటామెనా తల్లీ?" అని అడిగి, "రేపట్నుంచే పంపియ్యి," అన్నారు. మర్నాటి ఉదయం అమృత రానుయ్ వెళ్ళింది. చాలా రోజుల తరువాత ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

శేషారత్నం గారు ఇక కృష్ణారావు గారితో పామర్‌స్టన్ నార్త్‌లో, అక్కడి ఆసుపత్రిలో నర్సుగా ఉన్న కుమార్తె నిరుపమకు దగ్గరలో ఉండబోతున్నారు. ఆ ఊరు చదునుగా ఉంటుందనీ, ఈ వయసులో సైకిల్ నేర్చుకుంటాననీ అంటున్నారు. నేర్చుకోవాలని, పడకుండా ఉండాలని మా అందరి కోరిక. వారికి పరిపూర్ణ ఆరోగ్యం, దీర్ఘాయుష్షు కలగాలి. వారి ఉదయాలు ఎవరూ కుదర్చనక్కరలేని ఉదయాలు కావాలి. ఎన్నో ఏళ్ళపాటు మన సేవికలు వారి తలుపు తట్టేది భోజనానికి వెళ్ళిన చుట్టాలుగానే కావాలి. మరెన్నో ఏళ్ళ తరువాత, ఎప్పుడైనా, ఎవరి చేయైనా కావలసివస్తే, అది వారికి తెలిసిన చేయే అయివుండాలని మనసారా ప్రార్థిస్తున్నాను.